నోరు లేని మోటారు

ఆ ఉదయం డిజైనరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండేళ్లు తల బద్దలు కొట్టుకుని తాను గీసిన మోటారును ఇంటి పెరట్లో మేడ గోడ పక్కనున్న నీళ్ల పంపుకు బిగించింది. మేడ మీది ట్యాంకు నిండేసరికి ఎంత కరెంటు కాలిందో మీటరు చూసి రాసుకుని, పదింటికల్లా ఫ్యాక్టరీలో మేనేజరు ముందు పెట్టాలి. అంకె తక్కువ వస్తే సరే, లేదంటే ఆ డిజైను అటకెక్కుతుంది.

అందులో రాగి ఎక్కువ, లోపలి రేకులు పల్చన. పెద్దగా వేడెక్కదు గనక చల్లార్చే ఫ్యాను చిన్నది, ఫ్యాను చిన్నది గనక చప్పుడు లేదు. మేనేజరుకు గిట్టనిది సరిగ్గా అదే. అరవని మోటారును ఎవడు కొంటాడని ఆయన వాదన. కనీసం ఒక వదులు రేకైనా తగిలించి గడగడలాడించమన్నాడు. ఆవిడ ససేమిరా అంది. నోరున్నవాడే పనిమంతుడని నమ్మే చోట మోటారును మాత్రం ఎందుకు వదులుతారు!

స్విచ్చి వేసి, పాపను బడి బస్సు ఎక్కించడానికి వెళ్లింది. బస్సు ఆలస్యమైంది.

ఈలోగా అత్తగారు వచ్చి చెవి ఒగ్గి విన్నారు. పాత మోటారు తిరిగితే వంటింట్లో గిన్నెలు కదిలేవి. దీనికి ఉలుకూ పలుకూ లేదు. పాపం, కోడలి కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరయిందని బాధపడి కొడుకును పిలిచారు. ఆయన చెయ్యి వేసి చూసి చల్లగా ఉందన్నాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి, తనూ చెయ్యి వేసి, కాలిపోయిందని తేల్చాడు. కాలిపోయింది చల్లగా ఎలా ఉంటుందని ఒక్కరూ అడగలేదు. భార్యకు సాయం చేద్దామని ఆ మహానుభావుడు ఫ్యాక్టరీకి ఫోన్ కూడా చేశాడు.

ఎన్నడూ పిలిస్తే పలకని మేనేజరు పావుగంటలో దిగాడు, "నమూనా విఫలమైంది" అని టైపు చేయించిన కాగితంతో సహా. డిజైనరమ్మ తిరిగొచ్చేసరికి నలుగురూ మోటారు చుట్టూ పరామర్శకు వచ్చినట్టు నిలబడి ఉన్నారు.

"నేను ముందే చెప్పాను. ఇక్కడో సంతకం పెట్టమ్మా" అన్నాడు మేనేజరు.

ఆవిడ మోటారు వైపు చూసింది, మీటరు వైపు చూసింది.

"పెట్టను సార్. ఉద్యోగం తీసేసినా పెట్టను. అది తిరుగుతోంది."

"తిరుగుతుంటే మరి చప్పుడు చెయ్యదేంటమ్మా?" అన్నారు అత్తగారు.

"అదే అత్తయ్యా దాని గొప్ప."

మేనేజరు నవ్వబోయాడు. సరిగ్గా అప్పుడే పొంగిన ట్యాంకు నీళ్లు పిట్టగోడ దాటి ఆయన నడినెత్తిన పడ్డాయి. చేతిలో కాగితం పేస్టులా అయింది. ఎలక్ట్రీషియన్ ఎవరికీ చెప్పకుండా చెప్పులు వేసుకున్నాడు. ఆవిడ స్విచ్చి ఆపి, తాపీగా మీటరు అంకె రాసుకుంది. ట్యాంకు నిండి పొంగినా సరే, పాత మోటారు తిన్నదాంట్లో ముప్పావు వంతే తింది.

ఆ చీటీ చేతిలో పెట్టేసరికి మేనేజరు అంకెను రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత తల తుడుచుకుంటూ అక్కడినుంచే పెద్ద యజమానికి ఫోన్ చేశాడు.

"ఈ మోటారు బ్రహ్మాండంగా పనిచేస్తుందని నేను ముందే చెప్పాను సార్."

మోటారు మాత్రం, ఎప్పటిలాగే, ఏమీ అనలేదు.