సుగమ విజ్ఞాన పేటిక

ఎంత కొట్టినా అక్షరం ఒంటబట్టని పిల్లలు దేశంలో ఉన్నారని 1967లో విశ్వవిద్యాలయం వారు కనిపెట్టారు. అంతకుముందు ఈ సంగతి పంతుళ్ల బెత్తాలకు మాత్రమే తెలుసు. అటువంటి వారికి సైన్సును అరటిపండు ఒలిచినట్టు అందించడానికి ఆచార్య సోమయాజులు గారి అధ్యక్షతన ఒక సంఘం వెలిసింది. అప్పటిదాకా మొద్దులుగా ఉన్న పిల్లలను ఆ సంఘం మొదటి సమావేశంలోనే "మందగ్రహణ విద్యార్థులు"గా ప్రకటించింది. వాళ్ల బతుకుల్లో వచ్చిన తొలి మార్పు అదే.

తర్వాత ఒక చెక్కపెట్టె తయారైంది. అందులో టార్చిలైటు సెల్లు, చిన్న బల్బు, రాగితీగ, అయస్కాంతం. పేరు సుగమ విజ్ఞాన పేటిక. తార్నాకలోని ఒక బడిలో ఏడో తరగతికి సైన్సు చెప్పే కామాక్షి టీచరుకు దాన్ని బాజాభజంత్రీలతో అప్పగించారు. ఏది పగిలినా ఆమెదే పూచీ అని ఆప్యాయంగా చెప్పి వెళ్లారు. అందుకని హెడ్మాస్టరు కొండలరావు గారు పేటికను తన గదిలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లలు వరసగా వచ్చి అద్దంలోంచి సైన్సును దర్శించుకుని వెళ్లేవారు.

కామాక్షి క్లాసులో సారలమ్మ అని వారాసిగూడ పిల్ల ఉంది. నోటితో చెబితే ఇట్టే పట్టుకునేది. కాగితం మీద మాత్రం అక్షరాలు తారుమారయ్యేవి. ఏడులో ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే బడి నుంచి పేరు కొట్టేస్తారు, తల్లి లచ్చవ్వ తనవెంట ఇటుకలు మోయడానికి తీసుకుపోతుంది. ఆ పిల్లంటే కామాక్షికి ప్రాణం. కానీ నోట్సు చెప్పడం తప్ప మరో ఉపాయం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

దసరాకు ఆయుధపూజ కోసం పేటిక బీరువా దిగింది. బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కొండలరావు గారు ప్రసాదం పంచడానికి వెళ్లగానే, కామాక్షి గుండె చిక్కబట్టుకుని మూత తీసి సారలమ్మ చేతికి తీగ ఇచ్చింది. పిల్ల కాసేపు అటూ ఇటూ తిప్పింది. బల్బు వెలిగింది.

"టీచర్, తీగ మల్ల తిరిగొచ్చి సెల్లుకే తగలాలె. నడుమ తెగితే ఎలగదు!"

ఏళ్ల తరబడి విద్యుద్వలయం పాఠం చెబుతున్న కామాక్షికి బల్బు వెలగగా చూడటం అదే మొదలు. ఆమెకు పట్టరాని సంతోషం వేసింది, కాస్త సిగ్గూ వేసింది.

ఏడాది పరీక్షకు సంఘమే స్వయంగా తరలివచ్చింది. "విద్యుద్వలయము అనగానేమి? నిర్వచింపుము." క్లాసులో ఫస్టు వచ్చే పద్మావతి గడగడా అప్పజెప్పింది. పేటిక ముందు పెడితే, తీగ కొసలు రెండూ సెల్లుకు ఒకే వైపు ఆనించి వినయంగా నిలబడింది. బల్బు వెలగలేదు. పూర్తి మార్కులు వచ్చాయి. సారలమ్మ బల్బు వెలిగించి చూపింది.

"ఇది ఉదాహరణ, అమ్మాయీ. నిర్వచనం ఏదీ?" అన్నారు సోమయాజులు గారు.

"వెలిగింది గద సార్. ఇంకేం గావాలె?"

"చూశారా! పాఠాన్ని విడిచి వస్తువును పట్టుకోవడమే మందగ్రహణ లక్షణం," అని ఆయన సభ్యులకు వివరించారు.

"ఆ పిల్లకు అర్థమైందండీ," అంది కామాక్షి.

"అర్థం కావడం వేరు, ప్యాసు కావడం వేరమ్మా," అని ఓర్పుగా నచ్చజెప్పి సున్నా వేశారు.

పథకం విజయవంతమైందని తేలడంతో విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో సంఘానికి సొంత భవనం మంజూరైంది. లచ్చవ్వ వెంట సారలమ్మ దానికే ఇటుకలు మోసింది. మందగ్రహణ బిడ్డలందరికీ ఈ తలుపులు తెరిచే ఉంటాయని ప్రారంభోత్సవం నాడు సోమయాజులు గారు గద్గద స్వరంతో సెలవిచ్చారు. పెద్దల కార్లు వస్తున్నాయని తలుపు దగ్గరున్న కూలీలను పక్కకు జరిపారు. కామాక్షి ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. ఆ లోటు తెలియకుండా మిగతావాళ్లం మనం గట్టిగానే కొట్టాం.