మోకాలు చిరిగిన వేళావిశేషం

ఆడవాళ్ళారా, మీ మోకాళ్ళు ఇంకా బాగానే ఉన్నాయా? అయ్యో పాపం!

అనుభవం మీద చెబుతున్నాను. మోకాలి కీలులో ఎముకకీ ఎముకకీ మధ్య చిన్న దిండులా మృదులాస్థి ఉంటుంది. అది చిరగాలి. దానికి కుట్లు పడాలి. ఆడపుట్టుకకి అంతకు మించిన అదృష్టం లేదు!

నాది ఎలా చిరిగిందంటారా? సోఫా కిందికి దొర్లిన టీవీ రిమోట్ కోసం గొంతుక్కూర్చుని పక్కకి తిరిగాను. లోపల టప్పుమంది. సోఫాలో ఉన్న మా ఆయన మాత్రం ఊరుకున్నారా? నాకు అడ్డం రాకుండా రెండు కాళ్ళూ పైకెత్తి పట్టుకున్నారు. పాపం, చాలాసేపు!

డాక్టరమ్మ చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా లోపలికి పంపి, కుట్టేశారు. "ఆరు వారాలు ఈ కాలు నేల మీద మోపడానికి వీల్లేదు" అన్నారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఇంత కమ్మని మాట నాకెవరైనా చెప్పారా?

ఇక చూడండి వైభోగం! కాలికి బ్రేసు, చంకల్లో కర్రలు, మడమ కింద రెండు దిండ్లు, పిలవడానికి చేతిలో గంట. ఇన్నేళ్ళూ నా గొంతు వినపడని ఇంట్లో గంట మాత్రం వినపడింది! అత్తగారు కాఫీ తెచ్చిచ్చారు. అమ్మాయి తన కంచం తనే కడుక్కుంది. మా ఆయన కుక్కర్‌లో బియ్యం పోసి, నీళ్ళు మరిచి, విజిల్ కోసం కాచుక్కూర్చున్నారు. మాడు వాసన వచ్చాక "ఈ కుక్కర్ పాడైనట్టుందే" అన్నారు.

ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి తొడ కండరం బిగించమనేది, పది లెక్కపెట్టి వదలమనేది. బిగపట్టడం నాకు అలవాటే. వదలడమే కొత్త!

ఆరో వారం డాక్టరమ్మ మోకాలు వంచి చూసి, "భేష్, చక్కగా అతుక్కుంది" అన్నారు.

నేను నోరు తెరవకముందే మా ఆయన, "హమ్మయ్య! అయితే రేపట్నుంచి వంటింట్లోకి వెళ్ళొచ్చు కదండీ?" అన్నారు.

నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. కాసేపు కూర్చోవాలంటే ఒళ్ళు కోయించుకోవాలా మా ఇంట్లో?

"డాక్టర్ గారూ, ఆ రెండో మోకాలు కూడా ఒకసారి చూస్తారా?" అన్నాను.

ఆవిడ నా ముఖం చూశారు. మా ఆయన ముఖం చూశారు. ఇంతలో ఆవిడకి ఇంటి నుంచి వాళ్ళాయన ఫోన్ చేశారు.

"ఆఁ, పెరుగు ఫ్రిజ్‌లోనే ఉందండీ. పై అరలో. కనపడలేదా? సరే, వచ్చి నేనే తీసిస్తాలెండి."

ఫోన్ పెట్టేసి, నా రెండో మోకాలిని ముట్టుకోనైనా ముట్టుకోకుండా, చీటీ మీద ఇంకో ఆరు వారాల విశ్రాంతి రాశారు.