గంగవ్వకు పోయిన ముల్లె

పొద్దున్నే రాయమల్లు గోదారి ఇసుక మీద నిలబడి ఇంటివాళ్ళకు ఆ రోజు చేయవలసిన పనులు చెప్పాడు. తమ ఊళ్ళో ఎక్కిన పడవ చెన్నూరు చేరడానికి ఇంకో రోజు పడుతుంది. ఈ రేవులో పొద్దు వాలేదాకా ఆగుతారు. స్నానాలు, వంట, గంగవ్వకు ముల్లె ఇవ్వడం, కాసేపు కునుకు, మళ్ళీ పడవ.

"మక్కల పంట ఇంటికొచ్చినంక గీ ఒక్క రోజే మనకు సుకం. ఇయ్యాల ఎవ్వలు పరేషాన్ కావద్దు," అన్నాడు.

ఆ లెక్కలో లేని పని ఒకటి ఆయన కూతురు నర్మదకు ఉంది. ఏడో తరగతి పెద్ద పరీక్ష లక్సెట్టిపేటలో రాయాలంటే తండ్రి ఒప్పుకున్నట్టు కాగితం మీద వేలిముద్ర పడాలి. ఊళ్ళో మిషన్ బడి పంతులు తోమాసు ఆ కాగితం ఆమె చేతికిచ్చి నాలుగు రోజులైంది. ఆయనా ఇదే పడవలో వచ్చాడు. మధ్యాహ్నం ఇక్కడే దిగిపోయి, రోడ్డు దాకా నడిచి, బస్సెక్కి, మిగతా పిల్లల కాగితాలతో పాటు దాన్ని కూడా లక్సెట్టిపేటలో అందజేయాలి. రేపటితో గడువు సరి.

నాలుగు రోజులుగా నర్మద అడగాలనే చూస్తోంది. తండ్రి ముందుకు వెళ్ళేది. "ఏంది బిడ్డా?" అని ఆయన అనగానే, "నీళ్ళు తాగుతవా బాపూ?" అనేది. ఆ నాలుగు రోజుల్లో రాయమల్లు తాగినన్ని నీళ్ళు ఎండాకాలంలో కూడా తాగలేదు.

ఆయన ఏమంటాడో ఆమెకు తెలుసు. పంతులుతో అంటుంటే తలుపు చాటు నుంచి విన్నది. "సదువు వద్దంటలేను పంతులూ. గది నోరులేని పిల్ల. గంత పెద్ద ఊర్ల నాల్రోజులు ఎట్లుంటది? ఆకలైతె అన్నం సుత అడుగది."

అందుకే ఆమె కాగితాన్ని మడిచి, మంచి జరగాలని పసుపు గుడ్డలో కట్టి, పడవ అంచున పెట్టుకుంది. స్నానమయ్యాక బాపు మనసు చల్లబడ్డప్పుడు ఇద్దామనుకుంది. ఆమె నాయనమ్మ కొమురవ్వ కూడా గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము, పోకచెక్క అలాంటి పసుపు గుడ్డలోనే కట్టి తెచ్చింది. నది మీద ప్రయాణం చేసేవాళ్ళు గంగవ్వకు ఇవ్వవలసిన ముల్లె అది. కొమురవ్వకు చూపు సగమే ఆనుతుంది. పడవ అంచు తడిమి, చేతికి తగిలిన ముల్లెను కళ్ళకద్దుకుని నీళ్ళలోకి విసిరింది.

ప్రతిసారీ ఆ ముల్లె ఠక్కున మునిగేది. ఈసారి తేలింది.

"గంగవ్వ ఎంత సంబరంగ తీస్కపోతున్నదో సూడుండ్రి!" అని కొమురవ్వ మురిసిపోయింది.

నర్మద చూసింది. నోరు తెరిచింది. వేలు నీళ్ళవైపు చాపింది.

"ఏందే? ఏమైంది?" అని తల్లి యాదవ్వ పొయ్యి దగ్గర నుంచి లేచింది.

"ముల్లె..." అంది నర్మద.

యాదవ్వ గుండెలు బాదుకుంది. పొద్దున స్నానానికి పోతూ తన వెండి కడియాలు తీసి, "పైలంగ దాచు" అని కూతురికే ఇచ్చింది. "నా కడియాలు! అత్తా, నా కడియాలు గంగల ఏసినవ్!"

రాయమల్లు ఇంకేమీ అడగలేదు. కట్టుకున్న ధోవతితోనే నీళ్ళలోకి ఉరికాడు.

కడియాలు నర్మద దండచేతులకే ఉన్నాయి. ఎక్కడ పెట్టినా పోతాయని భయపడి, రవిక చేతుల కింద తనే తొడుక్కుంది. అవి ఉన్నాయని చెబితే మరి ముల్లెలో ఏముందని అడుగుతారు. కాగితం సంగతి ఇంతమందిలో ఎలా చెప్పడం? ఆమె చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడింది.

పడవ నడిపే గంగయ్య, "నువ్వాగు పటేలా, నేను తెస్త!" అని పడవను నెట్టి ముల్లె వెంట పోనిచ్చాడు. ముల్లె ఏటి వంపు తిరిగి పోయింది. పడవ తిరగలేదు. ఇరవై గజాలు పోయి ఇసుక దిబ్బ ఎక్కి కూర్చుంది.

"పడవ నీళ్ళల్ల నడుస్తదనుకున్న గంగయ్యా!" అని కొమురవ్వ ఒడ్డు మీద నుంచి అరిచింది.

కార్తీక స్నానాలకు వచ్చిన మరో నాలుగు కుటుంబాలు రేవులో వండుకుంటున్నాయి. వెండి కడియాలు పోయాయన్న మాట మొదటి పొయ్యి దగ్గరికి అలాగే చేరింది. రెండో పొయ్యి దగ్గర అవి బంగారువయ్యాయి. నాలుగో పొయ్యి దగ్గరికి వచ్చేసరికి నీళ్ళలో లంకెబిందె తేలుతోంది. పొయ్యిలు వదిలేసి అందరూ దిగారు. ఒక ముసలాయన మోకాళ్ళ లోతులో ఆగి, "దొరికితె సగం కొత్త సర్కారుకు ఇయ్యాల్నా, ఎట్ల?" అని ఆరా తీశాడు. ఆంధ్రప్రదేశ్ వచ్చి ఏడాదే అయింది. ఎవరికీ సరిగ్గా తెలియలేదు.

యాదవ్వ కూడా ఒడ్డున పరుగెత్తుతోంది. పొయ్యి మీద అన్నం మాడు వాసన మొదలైంది.

రాయమల్లు నడుము లోతు దాటాడు. ఛాతీ దాటాడు. కాలు జారి ఒక్కసారి తల మునిగింది. పైకి లేచి దగ్గి, మళ్ళీ ముందుకే అడుగు వేశాడు.

"బాపూ! ఆగు!"

గోదారి రెండు ఒడ్డులూ అదిరేలా ఉంది ఆ కేక.

"కడియాలు నా చేతికే ఉన్నయ్! గా ముల్లెల నా పరీక్ష కాయితం ఉన్నది! నువ్వు వేలు పెడితె నేను లక్సెట్టిపేటకు పోయి రాస్త! కాయితం పోతె పోనీ, నువ్వు ఒడ్డుకు రా బాపూ!"

నీళ్ళలో ఉన్నవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. రాయమల్లు నోట్లోని నీళ్ళు ఉమ్మి చుట్టూ చూశాడు.

"ఎవలు మొత్తుకున్నది?"

"మీ బిడ్డనే పటేలా," అన్నాడు గంగయ్య దిబ్బ మీద నుంచి. "గా ఒడ్డున మేసే బర్లు సుత తల తిప్పి సూసినయ్."

రాయమల్లు ఒడ్డుకు వచ్చేసరికి వంపు అవతల నుంచి తోమాసు పంతులు వచ్చాడు. ప్రశాంతంగా బట్టలు ఉతుక్కుందామని అటు పోయాడట. ఆయన గొడుగు వంకీకి పసుపు ముల్లె వేలాడుతోంది.

"గిది కొట్టుకొచ్చింది. తీసి సూస్తె బిడ్డకు నాల్రోజుల కింద ఇచ్చిన కాయితం, నా రాతనే. పెన్సిల్‌తోని రాసిన గనుక చెరగలే. రాయమల్లూ, ఇష్టం లేకుంటె లేదని చెప్పాలె గని, గంగల ఏస్తరా?"

"నేనెందుకు ఏస్తనయ్యా! సూడనే లేదు!" రాయమల్లు కూతురివైపు తిరిగాడు. "గీ కాయితం మాట నాల్రోజుల కిందనే ఎందుకు చెప్పలేదే?"

"నీళ్ళిచ్చుడే అయింది బాపూ," అంది నర్మద.

లంకెబిందె దొరకనివాళ్ళంతా చుట్టూ మూగారు. ముసలాయన తడిసిన తలపాగా పిండుతూ, "మా బట్టలన్ని తడిసినయ్, బువ్వలు మాడినయ్. గా వేలేదో పెట్టు, మేం సుత సూసి పోతం," అన్నాడు.

"నోరులేని పిల్ల అనుకున్న," అని రాయమల్లు నెమ్మదిగా అన్నాడు. "లక్సెట్టిపేటల అన్నం అడుగుతవా?"

"అడుగుత," అంది నర్మద. ఈసారి మామూలు గొంతుతోనే.

సిరా లేదు. యాదవ్వ మాడిన కుండను పక్కకు వంచింది. రాయమల్లు దాని అడుగు మసిలో బొటనవేలు రుద్ది, ఆరీ ఆరని కాగితం మీద నొక్కాడు. నీళ్ళలో నానిన వేలు, ముద్ర నిండా ముడతలే.

"గీ ముద్ర నీదేనంటె ఎవలన్న నమ్ముతరా?" అన్నాడు పంతులు.

"గింతమంది సాక్ష్యమున్నరు గద!"

పంతులు కాగితాన్ని సంచిలో పెట్టుకుని బస్సుకు నడిచాడు. రేవులోని వాళ్ళంతా కలిసి పడవను దిబ్బ దించారు. అందరూ ఎక్కాక కొమురవ్వ పడవ అడుగున తడిమి, దొరికిన రెండో పసుపు ముల్లెను పైకెత్తింది.

"ఆగత్తా!" అంది యాదవ్వ. "ముందు ముడి ఇప్పు."

విప్పారు. బియ్యం, పసుపుకొమ్ము, పోకచెక్క. గంగయ్య సహా అందరూ ఒకసారి చూసి సరేనన్నాక కొమురవ్వ మళ్ళీ కట్టి, కళ్ళకద్దుకుని విసిరింది. ముల్లె ఠక్కున మునిగింది.

దాని వెనక ఎవరూ దూకలేదు.