ఒంటి చెప్పుల దొంగ

ఆ ఆదివారం హేరంబ్ సాఠే వేసుకున్న ప్రణాళికలో పొరపాటుకు చోటే లేదు. ఏడింటికి కుక్కను నడకకు తీసుకెళ్లడం, ఎనిమిదింటికి దాని జూలు దువ్వడం, తొమ్మిదింటికి కూర్చో, ఆగు, వదిలెయ్ అనే మూడు పాఠాలూ ఇంకోసారి వల్లె వేయించడం, పదకొండింటికి కింద పార్కింగులో సొసైటీ సర్వసభ్య సమావేశం. ఆ సమావేశంలో మూడో అంశం చెప్పుల దొంగతనాలు. నాలుగో అంశం కుక్క.

కుక్క పేరు శిరా. నేతిలో రవ్వ వేయించి చేసే శిరా అనే తీపి వంటకం రంగులో ఉందని కూతురు సయీ పెట్టిన పేరు. ఎనిమిది నెలల గోల్డెన్ రిట్రీవర్. ఆ ఇంట్లో అది వెంట్రుక రాల్చని మూలా లేదు, ఆ వెంట్రుక తేలని పప్పూ లేదు. సదాశివ్ పేఠ్‌లోని ఆనందబన్ సొసైటీలో కుక్కలు నిషేధం. ఆ నిషేధాన్ని పదేళ్ల కింద బోర్డు మీద రాసి పెట్టింది సాక్షాత్తూ సెక్రటరీ హేరంబ్ సాఠేయే. "కుక్కను పెంచుకోదలచినవారు ముందు తమ పిల్లలను పెంచడం పూర్తిచేయగలరు" అని. ఆ నోటీసును చదవడానికి పక్క పేటల నుంచి జనం వచ్చారు. పుణేలో నోటీసు రాయడం తెలిసినవాడికి ఉండే గౌరవం వేరు. హేరంబ్‌కు బ్యాంకులో ప్రమోషన్ రాకపోయినా పట్టలేదు గాని, ఆ బోర్డు తాళంచెవి మాత్రం పదకొండేళ్లుగా జంధ్యానికే వేలాడుతోంది.

అలాంటివాడు కూతురి ఏడుపుకు కరిగి కుక్కను తెచ్చేసరికి సొసైటీ ఊరుకుంటుందా? మూడు నెలలు పరిశీలన అంది. ఈలోగా బుద్ధిగా తయారైతే సరే, లేకపోతే సాస్‌వడ్‌లో ఉన్న బావగారి తోటకు పంపేయాలని కాగితం రాయించుకుంది. ఆ మూడు నెలలూ ఈ ఆదివారంతో సరి.

నిజం చెప్పాలంటే శిరా మంచి విద్యార్థి. ఇబ్బందల్లా దానికి పెట్టిన శిక్షకుడు చెప్పిన మొదటి పాఠంతోనే వచ్చింది. "అది నోట్లో ఏది పట్టుకున్నా లాక్కోకండి. లాక్కుంటే ఆట అనుకుని పరిగెడుతుంది. ఓ పనీర్ ముక్క చూపించండి, వస్తువు దానంతటదే ఇచ్చేస్తుంది" అన్నాడాయన. ఇచ్చేసింది కూడా. మేజోడు ఇచ్చి పనీర్ తీసుకుంది. రిమోట్ ఇచ్చి పనీర్ తీసుకుంది. వారం తిరిగేసరికి దానికి లోకం తీరు బోధపడింది. ఏదో ఒకటి తేవాలి, పనీర్ పుచ్చుకోవాలి. హేరంబ్ భార్య కేతకి ఇంట్లో వస్తువులన్నీ ఎత్తైన అలమరల్లోకి ఎక్కించి "హమ్మయ్య, మానేసింది" అంది. అందరూ నమ్మారు.

సరిగ్గా అప్పుడే సొసైటీలో చెప్పులు పోవడం మొదలైంది. అదీ జతలు కాదు, ఒక్కొక్క గుమ్మం ముందు ఒక్కొక్క చెప్పు. మధ్యాహ్నం ఒంటిగంటకు, నాలుగింటికి మధ్య మాత్రమే. ఆ మూడు గంటలూ పేట మొత్తం నిద్రపోతుంది. కాపలా కాయడానికి వంతులు వేద్దామని కమిటీలో ప్రతిపాదన వచ్చింది గాని, దొంగ కోసం నిద్ర చెడగొట్టుకునే మనిషి పన్నెండు ఫ్లాట్లలో ఒక్కడూ దొరకలేదు. వాచ్‌మన్‌ను అడిగితే, "నేనూ మనిషినే కదా సార్" అన్నాడు.

దాంతో హేరంబ్ తనకు తెలిసిన ఆయుధం తీశాడు. రాత్రంతా కూర్చుని రాసి, తెల్లారి బోర్డుకు తగిలించాడు.

"ఒంటి చెప్పుల దొంగగారికి. తమరికి కాలు ఒకటే ఉన్నదని గ్రహించి సానుభూతి తెలుపుతున్నాము. కాని తమను పెంచిన ఇంటివారికి సిగ్గు రెండు కాళ్లకూ సరిపడా ఉండవలసింది. తమరు పట్టుబడిన రోజున ఆ ఇంటి పెద్ద, సభ్యులందరి కాళ్లకూ ఎవరి చెప్పు వారికి స్వహస్తాలతో తొడుగును. ఒంటిగంట నుంచి నాలుగింటి వరకు దొంగతనం చేయరాదు, నిద్రకు భంగం."

ఇరవై మంది ఫోటోలు తీసుకున్నారు. హేరంబ్ వారం రోజులు నేల మీద నడవలేదు.

ఆదివారం తొమ్మిదిన్నరకు కేతకి వంటింట్లోంచి కేకేసింది. "ఏమండీ, మీటింగుకి జంపఖానాలు దివాన్‌లో ఉన్నాయి. తీసి కిందికి పంపండి. అటుకుల పోహే చల్లారిపోతోంది, ఆ కుక్కని దువ్వింది చాలు."

హేరంబ్ దివాన్ పలక ఎత్తాడు. జంపఖానాల మీద చెప్పులు. కొల్హాపురి చెప్పు, రబ్బరు చెప్పు, పూసల చెప్పు, పసిపిల్ల బూటు. అన్నీ ఒంటివే, అన్నీ శుభ్రంగా తుడిచి, వరసగా పేర్చి ఉన్నాయి.

"ఆయీ!" అన్నాడు. పక్కనే పడక్కుర్చీలో వాళ్లమ్మ జపం చేసుకుంటోంది. "ఇవేమిటి?"

"చెప్పులురా."

"ఎవరివి?"

"మనవే. ఇంకెవరివి ఉంటాయి మనింట్లో? మధ్యాహ్నం మీరంతా పడుకుంటారు. వీడు తెస్తాడు, నేను పనీర్ పెడతాను, తుడిచి దాస్తాను. లాక్కోకూడదని ఆ మాస్టారు చెప్పాడుగా. నేనొక్కదాన్నే ఆ మాట పాటిస్తున్నాను ఈ ఇంట్లో." ఆయికి శుక్లాల ఆపరేషనయ్యాక కూడా చూపు అంతంతమాత్రమే. గాలి కోసం వాకిలి తెరిచి, ఇనుప తలుపు దగ్గరగా వేసి, పనీర్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఆ ఇనుప తలుపును ముక్కుతో నెట్టడం శిరాకు పెద్ద విద్యేం కాదు.

"మనం నలుగురం ఆయీ! పంతొమ్మిది చెప్పులున్నాయి!"

"అదే నేనూ అనుకున్నాను. ఇంత దుబారా ఏమిటర్రా అని."

ఆమెకు వివరించే ఓపిక హేరంబ్‌కు లేదు. కేతకిని పిలిచి దివాన్ చూపించాడు. ఆమె చెప్పుల్ని చూసింది, భర్తను చూసింది. "ఇంటి పెద్ద స్వహస్తాలతో తొడుగును," అని నోటీసులో వాక్యం గుర్తుచేసింది. "మీ దస్తూరీయే."

"వేళాకోళమా! కుక్కని సాస్‌వడ్ పంపిస్తారు, నన్ను బోర్డు దగ్గరికి కూడా రానివ్వరు. ఇంకా గంటన్నర టైముంది. ఎవరి గుమ్మం ముందు వాళ్లది పెట్టొచ్చేస్తాను. నువ్వు దాన్ని పట్టుకో."

కూరగాయల సంచీలో చెప్పులు నింపుకుని అతను పిల్లిలా మెట్లు దిగాడు. మొదటి అంతస్తులో కానిట్కర్ కాకు గుమ్మం ముందు పూసల చెప్పు పెట్టాడు. సొసైటీ అంతా కాకు, అంటే పిన్ని, అని పిలిచే ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, నాలుగో అంశమైన కుక్కకు పరీక్షాధికారి. ఎదురింటి ముందు రబ్బరు చెప్పు పెట్టాడు. రెండో అంతస్తుకు ఎక్కబోతుంటే మెట్ల మీద శిరా ఎదురైంది. కేతకి పట్టు విడిపించుకుని వచ్చింది. దాని నోట్లో అప్పుడే పెట్టిన పూసల చెప్పు వంటిదే కనిపించి హేరంబ్ వెనక్కి చూశాడు. గుమ్మం ఖాళీగా ఉంది. తను ఎదురింటి ముందు వంగి ఉన్నప్పుడే అది వెనక నుంచి వచ్చి ఎత్తుకుని, పైకి పోయి, ఇదిగో తెచ్చానని చెప్పడానికి తిరిగొచ్చింది.

"ఇలా ఇవ్వు," అన్నాడు పళ్లు కొరుకుతూ.

శిరా ఇవ్వలేదు. మర్యాదగా కూర్చుంది. ఇన్నాళ్లూ నేర్పిన పద్ధతి ప్రకారం, పనీర్ ఎక్కడ అన్నట్టు చూసింది. హేరంబ్ జేబులు వెతికాడు. తాళంచెవి తప్ప ఏమీ లేదు. పైకి పరిగెత్తి పనీర్ తెచ్చి, చెప్పు విడిపించి, మళ్లీ కిందికి పరిగెత్తి పెట్టి వచ్చేలోగా అది రబ్బరు చెప్పు తెచ్చింది. ఒకటి పెడితే ఒకటి తెస్తోంది. ఇవాళ పని ఇంత సులువుగా ఉందేమిటా అని దానికే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది. పది నిమిషాలు గడిచేసరికి ఫ్రిజ్‌లో పనీర్ అయిపోయింది, చెప్పులు పంతొమ్మిదీ సంచీలోనే ఉన్నాయి, హేరంబ్ చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"నువ్వు కుక్కవా, శనివా?" అన్నాడు. అది తోక ఊపింది.

కొల్హాపురి తీసి ఇంకో గుమ్మం ముందు పెట్టబోయేసరికి తలుపు తెరుచుకుంది. దేవస్థళే. నీటిపారుదల శాఖలో రిటైరై, నాలుగేళ్లుగా సెక్రటరీ పదవి కోసం కాచుక్కూర్చున్న మనిషి. "ఏం సాఠే, పొద్దున్నే మా గుమ్మంలో తపస్సు చేస్తున్నావు? ఆ చేతిలో ఉన్నది నా కొల్హాపురి కదూ?"

నిజం చెప్పడానికి అదే సరైన సమయం. హేరంబ్ దాన్ని చేజార్చుకున్నాడు. "దొరికాయి!" అన్నాడు. "దొంగ మూట మొత్తం మెట్ల కింద వదిలేసి పారిపోయాడు. నా నోటీసు చదివే ఉంటాడు. ఇప్పుడే... పరిశోధిస్తున్నాను."

దేవస్థళే గొంతు కాలువకు నీళ్లు వదిలే రోజుల నాటిది. "సాఠే దొంగని తరిమేశాడర్రా!" అని మెట్ల మీంచి ఒక్క కేక పెట్టేసరికి అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. జనం తమ దగ్గర మిగిలిన రెండో చెప్పు పట్టుకుని దిగారు. ఒకాయన హేరంబ్‌ను కావలించుకున్నాడు. కానిట్కర్ కాకు మాత్రం తన పూసల చెప్పును కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"నోటీసు చదివి దొంగ మారాడా?" అంది. "నలభై ఏళ్లు నోటీసులు రాశాను హేరంబ్. ఒక్క వెధవా మారలేదు." చెప్పు మీదినుంచి ఏదో ఏరి రుమాల్లో మడుచుకుంది.

పదకొండింటికి పార్కింగులో జంపఖానాలు పరిచారు. ముందు వరసలో పంతొమ్మిది జతలు పేర్చి పెట్టారు. మూడో అంశం కింద దేవస్థళే స్వయంగా లేచి, సెక్రటరీకి అభినందనలు ప్రతిపాదించి, కొబ్బరికాయ చేతిలో పెట్టాడు. చప్పట్లు. ఇన్నేళ్లలో హేరంబ్ కోరుకున్నది సరిగ్గా ఇలాంటి చప్పట్లే. కాని ఆ కొబ్బరికాయ ఎందుకో చేతిలో బరువుగా ఉంది.

నాలుగో అంశానికి సయీ శిరాను తీసుకొచ్చింది. పిల్ల ముఖంలో రక్తం లేదు. రాత్రే సాస్‌వడ్‌కు బస్సులు ఎన్నున్నాయో చూసి పెట్టుకుందని కేతకి చెప్పింది. కానిట్కర్ కాకు బెత్తం లేకపోయినా బెత్తం పట్టుకున్నట్టే నిలబడింది. కూర్చో అంది, కూర్చుంది. ఆగు అంది, ఆగింది. ముక్కు ముందు బిస్కెట్టు పెట్టి వదిలెయ్ అంది. శిరా చొంగ కార్చుకుంటూ ఆకాశం వైపు చూసింది గాని బిస్కెట్టు ముట్టలేదు. మూడు నెలలుగా తన నిద్రనూ, మేజోళ్లనూ, మనశ్శాంతినీ నమిలిన ఆ జంతువును చూసి హేరంబ్‌కు గర్వంగా ఉంది, ఆ సంగతి తనకే సిగ్గుగా ఉంది.

"బాగుంది," అంది కాకు. సయీ ఊపిరి వదిలింది.

ఓ పక్కన కుర్చీలో కూర్చున్న ఆయికి కూడా సంతోషం కలిగింది. పరీక్ష ప్యాసైన మనవడికి ఏదైనా పెడదామని ఒళ్లో ఉన్న డబ్బా మూత తీసింది. అడుగున ఇంకా రెండు ముక్కలున్నాయి. టక్కుమంది మూత.

శిరా చెవులు లేచాయి. నింపాదిగా లేచి వెళ్లి, చెప్పుల వరస ఒకసారి పరికించి, దేవస్థళే కొల్హాపురిని మెత్తగా నోట కరుచుకుని, పార్కింగు అడ్డంగా నడిచి, ఆయి ఒళ్లో పెట్టింది.

"శాబాష్ రాజా!" అంది ఆయి, చెప్పు కొంగుతో తుడుస్తూ. "కాని దివాన్‌లో చోటు లేదురా. ఇంకమీదట మీ నాన్నతో చెప్పి అటక మీద పెట్టిద్దాం." పనీర్ తినేసి శిరా రెండోదాని కోసం వెళ్లింది.

పార్కింగులో అందరూ ఒకేసారి మాట్లాడారు. అందరికంటే గట్టిగా దేవస్థళే, "దొంగ కుక్క! సాస్‌వడ్! ఇవాళే!" అన్నాడు. సయీ ఏడవలేదు. శిరా మెడ చుట్టూ చేతులు వేసి తండ్రి వైపు చూసింది, అంతే. ఆ చూపు ముందు హేరంబ్ రాసిన నోటీసులేవీ పనికిరావు.

అతను లేచాడు. "కుక్క దొంగ కాదు," అన్నాడు. "తెస్తే పనీర్ ఇస్తామని మేమే నేర్పాం. అది నేర్చుకుంది. మూట దొరికింది మెట్ల కింద కాదు, మా దివాన్‌లో. ఇవాళ పొద్దున్న తెలిసింది నాకు. దొంగ పారిపోయాడన్న అబద్ధం నాది. దాన్ని పంపకండి. ఈ తాళంచెవి తీసుకోండి." జంధ్యానికి ఉన్న తాళంచెవి విప్పడానికి కొంత సేపు పట్టింది. పదకొండేళ్ల ముడి అది.

కానిట్కర్ కాకు రుమాలు విప్పింది. అందులో బంగారు రంగు వెంట్రుక ఒకటి ఉంది. "నాది తెల్ల జుట్టు," అంది. "పొద్దున్నే తెలుసు నాకు. నువ్వు నోరు విప్పుతావా లేదా అని చూస్తున్నాను. ఇదిగో, విద్యార్థికి ఏ లోపం లేదు. చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంది, నా సర్వీసులో ఇలాంటిది ఒక్కటీ తగల్లేదు. తప్పంతా పంతులుది. కుక్క ఉండాలనేవాళ్లు చేతులెత్తండి."

ఎత్తారు. దేవస్థళే కూడా ఎత్తాడు, ఒక చెయ్యి కుక్క కోసం, రెండోది తాళంచెవి కోసం. ఆపైన అందరూ వరసగా జంపఖానాల మీద కూర్చుని కాళ్లు చాపారు. హేరంబ్ తన నోటీసు ప్రకారం ఒక్కొక్క చెప్పే తొడుగుతూ పోయాడు. వెనకాలే శిరా ఒక్కొక్కటీ విప్పి ఆయికి తీసుకెళ్తూ వచ్చింది. ఆ కార్యక్రమం ముగిసేసరికి ఒంటిగంట కావడంతో అందరూ నిద్రకు లేచిపోయారు.

నాలుగింటికి కొత్త సెక్రటరీ దేవస్థళే తన మొదటి నోటీసు బోర్డుకు తగిలించాడు: "శిరా ఈ సొసైటీలో శాశ్వతంగా ఉండును. హేరంబ్ సాఠే మూడు నెలలు పరిశీలనలో ఉండును."