మార్పిడిరావు ఇంట గెలిచిన విధం

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ మాటను అక్షరాలా పాటించినవాడు మార్పిడిరావు. అది అతని అసలు పేరు కాదు. ఆఫీసులో పాత కంప్యూటర్లన్నీ తీయించేసి వేరే రకంవి పెట్టించాలని కనబడిన ప్రతివాడికీ బోధించడంతో, సాటి ఉద్యోగులు అతని వెనకాల పెట్టుకున్న పేరు. గోడలకే చెవులున్నప్పుడు అతనికి లేకపోతాయా, ఆ సంగతి అతనికీ తెలుసు.

ఆవేళ పొద్దున అతని పథకం చాలా మామూలుది. ఆఫీసు హాల్లో డైరెక్టరుగారి ముందు ప్రసంగం. మధ్యలో తెరమీద అతని తండ్రి ప్రత్యక్షం. 'ఈ వయసులో మా నాన్నే మారగా లేంది, మీకేం రోగం' అన్న భావాన్ని మర్యాదైన మాటల్లో చెప్పడం. చప్పట్లు. ఆపైన కొత్తగా పెడుతున్న మార్పిడి విభాగానికి అధిపతిగా అతని పేరు ప్రకటించడం. పోయినసారి ఖాళీ అయిన పెద్ద కుర్చీ అతనికన్నా చిన్నవాడికి వెళ్ళింది. ఈసారీ చేజారితే రిటైరయ్యేదాకా జనం మర్చిపోయిన పాస్‌వర్డులు మార్చిపెడుతూ కూర్చోవడమే. అది తలుచుకుంటేనే అతనికి అన్నం సయించేది కాదు.

తండ్రిని మార్చే పని ముందురోజు సాయంత్రమే పూర్తయింది. పెద్దాయన ఒక దినపత్రికకు రోజూ గళ్ళనుడికట్టు తయారుచేసి పంపుతారు. ఆయన పాత కంప్యూటరుకు బల్లకింద ట్రంకుపెట్టెంత డబ్బా ఉండేది. మీట నొక్కగానే అది మూలిగేది. తర్వాత గురక పెట్టేది. కాసేపు ఏమీ చేయకుండా ఊరుకునేది. అందరూ దానిమీద ఆశ వదులుకున్నాక గంట కొట్టి తెరుచుకునేది. ఆయనకు చెవులు కాస్త మందం కాబట్టి దానికి రెండు పెద్ద స్పీకర్లు తగిలించుకున్నారు. ఆ గంట వీధి మలుపుదాకా వినబడేది.

కొత్తది పలకలా పలచగా ఉంది. డబ్బా లేదు, గురక లేదు, గంట లేదు. మీట మీద వేలు పెట్టడమే ఆలస్యం, తెరుచుకుని కూర్చుంటుంది. మార్పిడిరావు తండ్రి ఫైళ్ళన్నీ ఒక్కటి పోకుండా దానిలోకి ఎక్కించాడు. అక్షరాలు ఆయన కంటికి ఆనేంత పెద్దవి చేశాడు. ప్రసంగం మధ్యలో ఆయన కంగారుపడి ఏ మీటో నొక్కకుండా, తను పిలవగానే కాల్ దానంతటదే కలిసేలా కూడా పెట్టాడు. పాతదాన్ని స్పీకర్లతో సహా మెట్లకిందకు తోసేశాడు. ఇంకేమైనా మర్చిపోయానా అని అడిగితే, తండ్రి బాగా ఆలోచించి, లేదన్నారు. ఆయనకూ తెలియదు మరి.

తెల్లారగానే, ఇంట్లో ఎవరూ లేవకముందే, మార్పిడిరావు స్కూటరెక్కి ఆఫీసుకు వెళ్ళిపోయాడు. తెర కట్టించాడు, మైకు సరిచూశాడు. అయితే వేళ మించుతున్నా హాల్లో సగం కుర్చీలు నిండలేదు. ఆఫీసు బస్సు ఇంకా రాలేదని ఎవరో చెప్పారు. సిబ్బందితోపాటు బస్సులోనే రావడం డైరెక్టరుగారి నియమం. కారు వాళ్ళావిడ వాడుకుంటుంది. కాబట్టి ఆయనా రాలేదు.

ఊరికే కూర్చోవడమెందుకని మార్పిడిరావు ఒకసారి ఇంటికి కాల్ కలిపి చూశాడు. వెంటనే కలిసింది. గోడంత తెరమీద తండ్రి కుర్చీ కనిపించింది. కుర్చీలో తండ్రి లేరు. కుర్చీ వెనక వంటింటి గుమ్మంలోంచి పొగ వస్తోంది.

"మీ నాన్నగారు బాగానే మారారండీ. గుర్తుపట్టలేకపోతున్నాం," అన్నాడు ముందు వరసలో కూర్చున్న స్టోర్స్ గుమాస్తా.

ఇంతలో తల్లి మాడిపోయిన గిన్నె పట్టుకుని తెర మీదికి వచ్చింది.

"అమ్మా, నాన్నేరీ?"

ఆవిడ ముందు గుమ్మం వైపు చూసింది, తర్వాత కిటికీ వైపు, చివరికి కంప్యూటర్ వైపు. "నువ్వు పెట్టినదాని ముందే కూర్చున్నారు. ఇప్పుడు లేరు."

"ఆ పొగేమిటి?"

"పాలు. గంట మోగలేదుగా."

పాలకీ గంటకీ సంబంధమేమిటో అతనికి అర్థం కాలేదు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. డబ్బా మూలగడం మొదలుపెట్టగానే పాలు పొయ్యిమీద పెట్టి, ఆవిడ పెరట్లో బట్టలు ఆరేయడానికి వెళ్తుంది. గంట మోగగానే లోపలికొస్తుంది. అప్పటికి పాలు సరిగ్గా పొంగుకొస్తాయి. ఇవాళ మూలుగు లేకపోయినా అలవాటుకొద్దీ పాలు పెట్టింది. బట్టలన్నీ ఆరేసింది. గంట కోసం చూస్తూ ఆరేసిన బట్టల్నే ముడతలు తీసి మళ్ళీ ఆరేసింది. ఇంట్లో గడియారం చూసుకోవచ్చుగా అంటే, అది ఆగిపోయి ఎంతకాలమైందో ఎవరికీ తెలియదంది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, అప్పుడే తెరమీదికి ఇంకో మనిషి వచ్చాడు. యూనిఫాం వేసుకుని, బూట్లు కట్టుకుని, తల దువ్వుకుని ఉన్నాడు. పై వాటాలో అద్దెకుండే ఆఫీసు బస్సు డ్రైవరు.

"పిన్నిగారూ, గంట మోగలేదేంటి? బాబాయిగారికి ఒంట్లో బాగానే ఉందా?"

హాల్లో సగంమంది లేచి నిలబడ్డారు. బస్సు ఎందుకు రాలేదో వాళ్ళకు ఇప్పుడు తెలిసింది. మార్పిడిరావు మాత్రం మైకులోనే నిలదీశాడు.

"గంటతో నీకేం పనయ్యా? ఫోన్లో అలారం లేదా?"

డ్రైవరు కంప్యూటర్‌కి నమస్కారం పెట్టాడు. "ఉందండి. అది నన్ను లేపుతుంది, అంతే. పోయినేడు బాబాయిగార్ని ఆసుపత్రికి నా చేతుల మీదే మోసుకెళ్ళాను. అప్పట్నుంచి ఆ గంట వింటేగానీ నేను మెట్లు దిగను."

తల్లి చీరకొంగుతో కళ్ళొత్తుకుంది. పొగ వల్ల కూడా అయి ఉండవచ్చు. తర్వాత బల్లమీంచి ఏదో తీసి తెరకు దగ్గరగా పట్టుకుంది. తండ్రి రోజూ వేసుకునే గుండె మాత్ర. డబ్బా గురక పెట్టేటప్పుడు వేసుకోవడం ఆయన అలవాటు. మార్పిడిరావు ఆయన ఫోనుకు చేస్తే దిండుకింద మోగింది. "రండి పిన్నిగారూ, బస్సుంది," అన్నాడు డ్రైవరు. ఇద్దరూ వెళ్ళిపోయారు. తెరమీద కుర్చీ ఒక్కటే మిగిలింది.

ఆ క్షణాన అధిపతి పదవిగానీ, రాని డైరెక్టరుగారుగానీ మార్పిడిరావు బుర్రలో లేరు. మైకు బల్లమీద పెట్టేసి గేటు దగ్గరికి పరుగెత్తాడు. కంగారులో పక్కవాడి స్కూటరును తన తాళంతో తీయడానికి నానా తంటాలు పడుతూండగా, రోజూ వచ్చే వైపునుంచి కాక ఎదురు దిక్కునుంచి బస్సు వచ్చి ఆగింది.

ముందు ఉద్యోగులు దిగారు. వచ్చేముందు ఆ బస్సు పార్కు చుట్టూ రెండుసార్లు తిరిగింది, గ్రంథాలయం ముందు ఆగింది, మందుల షాపు ముందు ఆగింది. ఆగిన ప్రతిచోటా తలుపులోంచి ఒక పెద్దావిడ తొంగి చూసింది. దార్లో ఎక్కినవాళ్ళు ఒక్కరూ ఇదేమిటని అడగలేదు. ఈమధ్య అన్నీ మారుతున్నాయి కదా, రూటు కూడా మార్చారనుకున్నారు.

తర్వాత డైరెక్టరుగారు దిగారు. ఆయన వెనకే తల్లి, ఆవిడ వెనకే తండ్రి. పెద్దాయన ఉత్సాహంగా ఉన్నారు. మూతి చివర పళ్ళపొడి ఇంకా అంటుకునే ఉంది.

జరిగింది ఇంతే. రోజూ మీట నొక్కి, అది తెరుచుకునేలోపు ఆయన పళ్ళు తోముకుని, మాత్ర వేసుకుని, మొక్కలకు నీళ్ళు పోసి వచ్చేవారు. ఇవాళ బ్రష్షు నోట్లో ఉండగా నొక్కితే, మనం స్నానం చేయకముందే వచ్చి కూర్చున్న చుట్టంలా అది ఎదురుగా సిద్ధంగా ఉంది. నిలబెట్టడం బాగుండదని ఆయనా కూర్చున్నారు. బ్రష్షు నోట్లో పెట్టుకునే గళ్ళన్నీ నింపి పత్రికకు పంపేశారు. ఇక రోజంతా చేయడానికి ఏమీ మిగల్లేదు. చొక్కా వేసుకుని షికారు బయల్దేరి, బస్‌స్టాపులో బల్లమీద కూర్చున్నారు. పక్కన ఒకాయన రాని బస్సు కోసం చూస్తున్నాడు. మాటలు కలిశాయి.

"మావాడు నిన్న కంప్యూటర్ మార్చాడండి," అన్నారు తండ్రి.

"ఎలా ఉంది?"

"అది వెంటనే తయారండి. నేనే తయారవలేదు."

ఆ పక్కనున్నాయన డైరెక్టరుగారని తండ్రికి బస్సులోగానీ తెలియలేదు. తల్లి మాత్ర మింగిస్తుంటే నీళ్ళసీసా అందించింది ఆయనే.

హాల్లో అందరూ సర్దుకున్నాక, డైరెక్టరుగారు మార్పిడిరావును ప్రసంగానికి పిలవలేదు. తనే మైకు తీసుకుని ఒకే ప్రశ్న వేశారు. పాత కంప్యూటర్ తెరుచుకునేలోపు ఎవరెవరు ఏం చేస్తారు? ముందుగా అకౌంట్స్ ఆవిడ, ఊళ్ళో ఉన్న అక్కకు ఫోన్ చేస్తానంది. స్టోర్స్ గుమాస్తా కిటికీలో కుండీలకు నీళ్ళు పోస్తానన్నాడు. ఒకే సెక్షన్లో పనిచేసే మొగుడూ పెళ్ళాం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"మేం మాట్లాడుకునేది అప్పుడేనండి," అంది భార్య.

మార్పిడిరావు తన కుర్చీ చేతులారా పోగొట్టుకున్నాననుకుని తల వంచుకుని కూర్చున్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని వెనకనుంచి ఎవరో అననే అన్నారు. డైరెక్టరుగారు అతన్ని దగ్గరికి పిలిచారు.

"విభాగం నీకే ఇస్తున్నానయ్యా. కొత్తదానితో సొంతింట్లో ఏం చెడిందో తెలిసొచ్చినవాడివి నువ్వొక్కడివే. కొత్తవి పెట్టు. కానీ పొద్దుటిపూట మాత్రం కాస్త ఆలస్యంగా తెరుచుకునేట్టు చూడు."

వేగం వేగం అని నోరు నొప్పెట్టేలా చెప్పినవాడికి అలా నిదానం శాఖ దక్కింది. సంతోషించాలో వద్దో తేలక, అతను సాయంత్రం ఇంటికి రాగానే చొక్కా చేతులు మడిచి మెట్లకిందనుంచి పాత డబ్బాను బయటికి లాగాడు. తండ్రి పరుగున వచ్చి అడ్డం పడ్డారు.

"కొత్తదాన్ని కదిలించకురా. బంగారంలా ఉంది. ఈ ముసలిదానితో ఇన్నేళ్ళు ఎలా వేగానో నాకే తెలీదు."

"మరి ఇదెందుకు నాన్నా?"

"నాకక్కర్లేదు. మీ అమ్మనడుగు."

తల్లి వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, పాలగిన్నె పక్కన చోటు చూపించింది. "ఇక్కడ పెట్టు. రేపట్నుంచి మీట నేను నొక్కుతాను. ఆ గంట విని మీ నాన్న మాత్ర వేసుకోవాలి. వేసుకుంటేనే కొత్తదాని దగ్గరికి పోనిస్తాను," అంది. గంటను తండ్రి బాగున్నారన్న కబురుగా ఇంటిల్లిపాదీ వింటున్నారనీ, వినని కొడుకు తనొక్కడేననీ మార్పిడిరావుకు అప్పుడు తట్టింది. స్పీకర్లు తనే తగిలించి, పై వాటా వైపు తిప్పి పెట్టాడు.

ఇప్పుడు కొత్తదాని మీద పెద్దాయన పని నడుస్తోంది. ఇల్లు మాత్రం పాతదాని మీదే నడుస్తోంది.