మెడ నుంచి అరికాలి దాకా

సరోజినీ నగర్ తెలుగు సంఘానికి అధ్యక్షుడు కావాలని పెద్దిరాజుకి ఎప్పటినుంచో కోరిక. ఆదివారమే ఎన్నిక. సరిగ్గా అప్పుడే ఒళ్లంతా దురద మొదలైంది. పగలు ఓ మాదిరి. పక్కమీద వాలితే చాలు, వేళ్ల సందుల్లో, మణికట్ల దగ్గర, నడుము చుట్టూ ఒకటే గోకుడు. “ఢిల్లీ నీళ్లు” అని తేల్చేశాడు. ఈ ఊళ్లో తెలుగువాడికి ఏం వచ్చినా తప్పు నీళ్లదే కదా!

డాక్టరు భూతద్దంతో చూసి, “నీళ్లు కాదు, గజ్జి. పురుగు చర్మంలో దూరి గుడ్లు పెడుతోంది. ఇంట్లో అందరూ ఒకే రాత్రి ఈ క్రీము మెడ నుంచి అరికాలి దాకా రాసుకోండి. వారానికి మళ్లీ రాయాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి” అన్నాడు.

తనలాంటి సెక్షన్ ఆఫీసరుకి గజ్జా! నలుగురికీ తెలిస్తే ఇంక ఓటెవడేస్తాడు? పెద్దిరాజు ట్యూబుల మీద పేరు గీకేసి ఇంటికి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు.

“కిరణ్మయీ, గురుగ్రామ్ మాల్‌లో కొన్నాను. ఒంటికి నిగారింపు వస్తుందట.”

“అచ్ఛా! నాకూ ఒళ్లుందని ఇన్నేళ్లకి తెలిసిందన్నమాట.”

“అరికాళ్లకీ రాయాలి. వేళ్ల సందులు మర్చిపోకు.”

“అరికాళ్ల నిగారింపు ఎవరు చూస్తారండీ?”

“రాయమంటే రాయవే!”

“మరి దుప్పట్లు వేడినీళ్లలో నానబెట్టారేం? వాటికీ నిగారింపేనా?”

పెద్దిరాజుకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. ఆవిడ అరికాళ్లతో సహా రాసుకుంది. ఆయన వీపుకీ రాసింది.

ఆదివారం హాల్లో ఒక్కడూ చెయ్యి కలపలేదు. అందరూ దూరం నుంచే నమస్కారాలు. కాబోయే అధ్యక్షుడికి మర్యాద ఇలాగే ఉంటుంది కాబోలని మురిసిపోయాడు.

ఇంతలో కిరణ్మయి లేచింది. “అన్నయ్యగార్లూ, చలికాలమంతా అనంతరామయ్యగారింట్లో ఒకే రజాయిలో కాళ్లు దూర్చుకుని పేకాడారుగా. మా ఆయనకి గజ్జి పట్టింది. నాకూ అంటింది. ఇంకెవరికి దురదగా ఉందో సిగ్గుపడకుండా చెప్పండి.”

పెద్దిరాజుకి తల కొట్టేసినట్టయింది. “నీకెలా తెలిసిందే?” అన్నాడు గొణుగుతూ.

“మీకంటే ముందురోజే నేనూ ఆ డాక్టరుకే చూపించుకున్నా. మీరు నిజం చెబుతారేమోనని ఆగితే, నిగారింపు అన్నారు!”

ముందు అనంతరామయ్య చెయ్యెత్తాడు. తర్వాత వరసగా అందరూ ఎత్తారు. దాచుకుని గోక్కుంటున్న పెద్దమనుషులే అంతా!

“రేపు రాత్రి డాక్టరు చెప్పినట్టు ఇంటిల్లిపాదీ రాసుకోవాలి. ఇంటింటికీ వచ్చి చూస్తాను” అంది కిరణ్మయి.

“అమ్మయ్య, బతికించావు తల్లీ! నువ్వే మా అధ్యక్షురాలివి. కాదనేవాళ్లెవరైనా ఉన్నారా?” అన్నాడు అనంతరామయ్య.

హాలంతా పెద్దిరాజు వైపు చూసింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే. వచ్చేవారం మళ్లీ క్రీము రాయాలి, వీపు తనకి అందదు మరి.