సారంగపాణి ఖాళీ చేసిన పట్టిక

ఆ బుధవారం ఉదయం గని క్లర్కు సారంగపాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి గని ఆఫీసుకు వెళ్లి, కంప్యూటరులో తాను నేర్చుకోవడానికి తయారుచేసిన పట్టికను ఖాళీ చేయడం, ఆ తర్వాత సగం రోజు సెలవు పెట్టి భార్య వెంకమ్మతో పర్ణశాల వెళ్లడం.

"ఎంతసేపు పడ్తది?" అని అడిగింది వెంకమ్మ.

"ఖాళీ చేసుడే గదా. పావుగంట."

అది 1993. ఆఫీసుకు రెండు కంప్యూటర్లు వచ్చి మూడు నెలలైంది. క్వార్టర్ల కోసం ఎదురుచూస్తున్న కార్మికుల జాబితా వాటిలోకి ఎక్కింది. పాత రిజిస్టరు హెడ్డాఫీసుకు పోయింది. ఆ రోజే మధ్యాహ్నం ఆ జాబితా ప్రకారం పన్నెండు క్వార్టర్లు ఇవ్వాలి.

నేర్చుకునే పట్టికలో సారంగపాణి రాముణ్ణి, సీతమ్మను, లక్ష్మణుణ్ణి, హనుమంతుణ్ణి ఎక్కించాడు. లేని మనుషుల పేర్లు కల్పించి రాయడం అబద్ధమాడినట్టు తోచింది ఆయనకు. మేనేజరు అది చూసి, "పై అధికారులొస్తున్నారు. దేవుడు క్వార్టరుకు అప్లై చేసినట్టుంటే ఏం బాగుంటుంది? తీసేయండి" అన్నారు.

"తప్పు కాయి తండ్రీ" అనుకుంటూ సారంగపాణి అన్నిటినీ డిలీట్ కొట్టాడు. తెరిచి చూస్తే రాముడు అక్కడే ఉన్నాడు, సీతమ్మా ఉంది. ఒక్కొక్కరి పక్కన చిన్న గుర్తు పడింది, అంతే.

"ప్రమీలారాణి గారూ, స్వామి కదుల్తలేడు!"

పక్క బల్ల దగ్గరి టైపిస్టు లేచి వచ్చింది. "డిలీటంటే గుర్తు పెట్టడమేనండీ. ప్యాక్ అని కొడితే పోతాయి."

కొట్టాడు. ఫైలును ఇతరులెవరూ తెరవకుండా ఒక్కరే తెరవాలని కంప్యూటరు మొరాయించింది.

"రెండు కంప్యూటర్లకీ ఒకటే ఫైలు కదండీ, అందుకు. మీ ట్రైనింగ్ నోటుబుక్కులో ఏదో ఉండాలి, చూడండి" అని ఆవిడ వెళ్లిపోయింది.

ఖమ్మంలో మూడు రోజుల శిక్షణలో రాసుకున్న ఆ పుస్తకానికి సారంగపాణి నాలుగు మూలలా పసుపు పెట్టుకున్నాడు. 'పట్టికను త్వరగా ఖాళీ చేయు విధానం' అన్న శీర్షిక కింద రెండే వరుసలున్నాయి. యూజ్ క్వార్టర్ ఎక్స్‌క్లూజివ్, అంటే ఫైలును ఒక్కరే తెరవడం. జాప్, అంటే అందులో ఉన్నదంతా తుడిచేయడం. ముప్పై ఏళ్లుగా రోజూ విష్ణు సహస్రనామం చదువుతూ ఏనాడూ ఒక్క అక్షరం మార్చని మనిషి ఆయన. ఆ రెండు వరుసలూ ఉన్నవి ఉన్నట్టు కొట్టాడు. అవునా, కాదా అని కంప్యూటరు అడిగింది. సారంగపాణి కళ్లు మూసుకుని అవునన్నాడు.

"పోయిండ్రు! అందరు పోయిండ్రు!"

ప్రమీలారాణి వచ్చి తెర చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పైన పేరు చూడండి! ఇది క్వార్టర్ల లిస్టండీ!"

"పుస్తకంల గట్లనే ఉన్నది గదా!"

"క్వార్టరన్నది ట్రైనింగ్ మాస్టారు ఉదాహరణకి చెప్పిన పేరండీ! అక్కడ మనకి కావలసిన ఫైలు పేరు పెట్టుకోవాలి!"

అవతలి ఫైలులో రాముడు సపరివారంగా క్షేమంగా ఉన్నాడు. ఇవతల మాత్రం ఒక్క మనిషి లేడు. సారంగపాణి బీరువా తెరిచి, జాబితా నకలు దాచిన ఫ్లాపీ తీశాడు. దసరాకు ఆయుధపూజలో దానికి నిండుగా కుంకుమ వేసింది ఆయనే. ఆ కుంకుమ సందులోంచి లోపలికి దిగింది. కంప్యూటరు రెండుసార్లు గురగురమని ఊరుకుంది.

కిటికీ అవతల ఎల్లస్వామి అనే కార్మికుడు ఇదంతా విన్నాడు. తొమ్మిదేళ్లుగా క్వార్టరు కోసం చూస్తూ రోజూ బూర్గంపాడు నుంచి బస్సులో వస్తున్న మనిషి. ఆయన నోట బయలుదేరిన మాట కార్మికులు దీపాలు తీసుకునే ల్యాంపు రూముకు చేరేసరికి లిస్టు కాలిపోయింది. క్యాంటీనుకు చేరేసరికి క్వార్టర్లు రద్దయ్యాయి. గని ముఖద్వారానికి చేరేసరికి, లిస్టు సంచిలో వేసుకుని క్లర్కు పర్ణశాల పారిపోతున్నాడు. అరగంటలో యాభై మంది ఆఫీసు ముందు నిలబడ్డారు.

సారంగపాణి తలుపు గడియ పెట్టాడు. ఉద్యోగం ఎటూ పోయింది. ఒళ్లయినా దక్కితే చాలనిపించింది.

"ఏంది సారూ, గడియెందుకు? కొడ్తమా మేము?" అన్నాడు ఎల్లస్వామి బయటినుంచి.

"కొట్టరా?"

"లిస్టు చెప్తం, రాస్కో. నాది తొమ్మిది. నా ముందు మోతీ, నా ఎన్క పగిడయ్య."

"గట్లెట్ల యాదికున్నదయ్యా?"

"తొమ్మిదేండ్ల సంది నా ముందటోని ఈపే చూస్తున్న. యాదికుండదా?"

సారంగపాణి గడియ తీశాడు. ఒకరు నంబరు చెబుతుంటే వెనకవాడు సరిచూశాడు. డ్యూటీలో ఉన్నవాళ్ల పేర్లు పక్కవాళ్లు చెప్పారు. ఒకడు ఒక అంకె ముందుకు జరగబోతే పదిమంది కాలరు పట్టుకుని వెనక్కి లాగారు. పన్నెండయ్యేసరికి ఎనభై పేర్లు ఎక్కాయి, ఒకటో నంబరు నుంచి ఎక్కడా తెగకుండా.

అప్పుడే మేనేజరు సస్పెన్షన్ కాగితంతో దూసుకొచ్చారు. సారంగపాణి రెండు చేతులూ జోడించాడు.

"ఎనభయ్యా? లిస్టులో ఎనభై ఆరుండాలయ్యా! మొదటి ఆరుగురూ ఏరీ?"

ఎల్లస్వామి వినయంగా ముందుకొచ్చాడు.

"పాత రిజిస్టరుల ఉన్నోళ్లం ఎనభై మందిమే సార్. మోతీకి ముందు ఏడుగురే, ఆ ఏడుగురు గీడనే ఉన్నరు. ఇంకా ఆరుగురెవరు సార్? పేర్లు చెప్పున్రి, పిలుస్తం."

మేనేజరు నోరు తెరిచారు. యాభై మంది వినడానికి సిద్ధంగా ఉన్నారు. ఆయన నోరు మూసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. క్వార్టర్లు మొదటి పన్నెండు మందికీ అందాయి.

మర్నాడు నోటీసు బోర్డు మీద సర్క్యులర్ పడింది: జాప్ అను కమాండు కార్మికుల సంక్షేమానికి హానికరమైనందున, ఇకపై మేనేజరు అనుమతి లేనిదే ఎవరూ వాడరాదు.